ఓవెన్‌లో మ్యాక్ అండ్ చీజ్: సాస్ విరగకుండా, ట్రేలో ఎండిపోకుండా చేసే పద్ధతి

మ్యాక్ అండ్ చీజ్ ఇంట్లో చేసినవాళ్లు చెప్పే ఇబ్బందులు మూడే. సాస్ రవ్వరవ్వగా అయిపోయింది, పైన నూనె తేలింది, లేదా ఓవెన్‌లోంచి తీసేసరికి మాకరోనీ (చిన్న గొట్టాల పాస్తా) సాస్ మొత్తం పీల్చేసుకుని గట్టిపడింది. ఈ మూడింటికీ కారణాలున్నాయి, మూడింటినీ ఆపవచ్చు.

ఇక్కడ చెప్పేది అట్టపెట్టెలో చీజ్ పొడితో వచ్చే రకం కాదు. వెన్న, మైదా, పాలతో వైట్ సాస్ చేసి, అందులో చీజ్ కరిగించి, మాకరోనీ కలిపి, పైన బ్రెడ్ తురుము చల్లి ఓవెన్‌లో పెట్టే అమెరికన్ ఇళ్ల వంటకం. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో గుడ్లు కొట్టి పోసి, చల్లారాక ముక్కలుగా కోసుకునేలా గట్టిగా చేస్తారు. అది వేరే పద్ధతి, ఇందులో కలపడం లేదు.

ఒక్క సూత్రం ముందే చెప్పేస్తాను, మిగతాదంతా దీని చుట్టూనే తిరుగుతుంది. చీజ్ వేయకముందు సాస్ తప్పకుండా ఉడకాలి. చీజ్ వేశాక పొయ్యి మీద మళ్లీ ఉడకకూడదు.

## 1. కొలతలు (నలుగురికి)

చీజ్ తురుమును కప్పుతో కొలవకండి. వదులుగా నింపితే ఒక లెక్క, నొక్కితే ఇంకో లెక్క. కిచెన్ స్కేల్ ఉంటే తూకం వేసుకోండి. లేకపోతే ప్యాకెట్ మీద బరువు చూసి సగం, పావు అని కోసుకోండి.

- మాకరోనీ: 225 గ్రాములు (అమెరికాలో ఒక పౌండు ప్యాకెట్‌లో సగం)
- పాలు: 650 మిల్లీలీటర్లు
- ఉప్పులేని వెన్న: సాస్‌కి 40 గ్రాములు, పైపొరకి 20 గ్రాములు
- మైదా: 30 గ్రాములు
- చీజ్: మొత్తం 280 గ్రాములు
- ఆవపిండి: పావు టీస్పూను
- మిరియాల పొడి: పావు టీస్పూను
- జాజికాయ పొడి: చిటికెడు
- పాప్రికా: అర టీస్పూను (లేకపోతే కారం తక్కువుండే కశ్మీరీ మిరప్పొడి, చిటికెడు చాలు)
- బ్రెడ్ తురుము: రెండు గుప్పిళ్లు
- ఎనిమిది అంగుళాల చదరపు ట్రే

పాల గురించి ఒక మాట. అమెరికాలో హోల్ మిల్క్‌లో వెన్నశాతం 3.25. మన దగ్గర టోన్డ్ పాలలో 3, ఫుల్ క్రీమ్ పాలలో 6. అంటే ఇండియాలో టోన్డ్ పాలు పోస్తే అసలు వంటకానికి దగ్గరగా ఉంటుంది. ఫుల్ క్రీమ్ పాలే ఉంటే అందులో 100 మిల్లీలీటర్లు తగ్గించి, బదులుగా నీళ్లు పోయండి. కాచిన పాలైతే మీగడ తీసేసి వడకట్టండి, లేకపోతే ఆ మీగడ తునకలు సాస్‌లో ఉండల్లా కనిపిస్తాయి.

ఆవపిండి వేయాలా అని చాలామంది సందేహిస్తారు. వేయాలి. అది విడిగా రుచి తెలియదు, చీజ్ రుచిని పైకి తెస్తుంది. అమెరికన్లు ఎక్కువగా వాడే పసుపు ఆవాల కంటే మన ఆవాలు ఘాటు, అందుకే పావు టీస్పూను దాటొద్దు.

## 2. చీజ్ ఎంపిక

సగం ఫలితం ఇక్కడే తేలిపోతుంది.

ప్రధాన చీజ్ చెడ్డార్. ప్యాకెట్ మీద మైల్డ్, షార్ప్, ఎక్స్‌ట్రా షార్ప్ అని ఉంటుంది. ఎక్కువకాలం మాగినకొద్దీ పులుపు, ఘాటు పెరుగుతాయి, అదే సమయంలో సాఫీగా కరిగే గుణం తగ్గుతుంది. ఎక్స్‌ట్రా షార్ప్ ఒక్కటే వేస్తే రుచి బాగున్నా సాస్ విరిగే అవకాశం ఎక్కువ. షార్ప్ దగ్గర ఆగండి.

తోడు చీజ్ మెత్తగా కరిగేది. మాంటెరే జాక్, కోల్బీ, గౌడా, ఏదైనా సరే.

మూడోది ప్రాసెస్డ్ చీజ్. దీన్ని తక్కువగా చూడకండి. ఇందులో సోడియం సిట్రేట్ లాంటి లవణాలు ఉంటాయి. కొవ్వు, నీరు విడిపోకుండా పట్టి ఉంచేది అవే. ఒకటి రెండు స్లైసులు వేస్తే మిగతా చీజ్ కూడా బుద్ధిగా కరుగుతుంది.

నా లెక్క ఇది: షార్ప్ చెడ్డార్ 180 గ్రాములు, మాంటెరే జాక్ 60, ప్రాసెస్డ్ చీజ్ 40.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చెడ్డార్ దొరక్కపోతే ప్రాసెస్డ్ చీజ్ బ్లాక్ 200 గ్రాములు, మొజరెల్లా 80 గ్రాములు తీసుకోండి. అమెరికాలో తిన్న రుచి అచ్చంగా రాదు గానీ సాస్ చక్కగా కుదురుతుంది. ఉప్పు మాత్రం అసలు వేయొద్దు, ప్రాసెస్డ్ చీజ్‌లోనే బోలెడంత ఉంటుంది. మొజరెల్లా ఒక్కటే వేసి చేయొద్దు. పిజ్జా మీద సాగినట్టు తీగలు తీగలుగా సాగుతుంది, రుచి చప్పగా ఉంటుంది.

తురిమి అమ్మే చీజ్ కొనకండి. తురుము ఒకదానికొకటి అతుక్కోకుండా బంగాళదుంప పిండి, సెల్యులోజ్ పొడి చల్లి అమ్ముతారు. సాస్ రవ్వగా అవడానికి అదొక ముఖ్యమైన కారణం. బ్లాక్ కొని, ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే తురమండి. చల్లగా ఉంటేనే తురుము విడివిడిగా వస్తుంది.

శాకాహారులు గమనించాల్సింది రెన్నెట్. పాలను విరిచే ఈ పదార్థం కొన్ని చీజ్‌లలో దూడ కడుపు నుంచి తీసినది ఉంటుంది. అసలైన పార్మిజానో రెజ్జానో అన్నిటిలోనూ అదే. అమెరికాలో కొనేటప్పుడు లేబుల్ మీద మైక్రోబియల్ లేదా వెజిటబుల్ రెన్నెట్ అని ఉందా చూడండి. ఎంజైమ్స్ అని మాత్రమే ఉంటే ఏ రకమో తెలియదు. ఇండియాలో ప్యాకెట్ మీద ఆకుపచ్చ గుర్తు చూసుకుంటే సరిపోతుంది.

## 3. పొయ్యి వెలిగించకముందు

సాస్ మొదలుపెట్టాక చీజ్ కోసం, విస్క్ (తీగల గరిటె) కోసం వెతుక్కుంటే అడుగంటుతుంది. ఇవన్నీ చేతికందేలా పెట్టుకోండి.

- [ ] ప్రాసెస్డ్ చీజ్ పక్కన పెట్టి, మిగతా చీజ్ తురిమి మూడు భాగాలుగా చేశాను
- [ ] పాలు గోరువెచ్చగా చేశాను
- [ ] మైదా, ఆవపిండి, మిరియాల పొడి, జాజికాయ కొలిచి పెట్టాను
- [ ] అడుగు మందంగా ఉన్న గిన్నె, విస్క్, చెక్క గరిటె ఉన్నాయి
- [ ] ట్రేకి వెన్న రాశాను
- [ ] రెండో పొయ్యి మీద రెండున్నర లీటర్ల నీళ్లు, ఒక టేబుల్‌స్పూను ఉప్పు వేసి పెట్టాను
- [ ] ఓవెన్ 180 డిగ్రీల సెల్సియస్ (350 ఫారెన్‌హీట్) దగ్గర వేడెక్కుతోంది

## 4. వైట్ సాస్

1. సన్నటి సెగ మీద 40 గ్రాముల వెన్న కరిగించండి. ముందు నురగ వస్తుంది, తర్వాత తగ్గుతుంది. తగ్గాకే మైదా వేయాలి.

2. మైదా వేసి రెండు నిమిషాలు ఆపకుండా కలపండి. తడి ఇసుకలా ఉన్నది కాసేపటికి వదులై బుడగలు వస్తుంది. పచ్చి పిండి వాసన పోయి, బిస్కెట్ కాలుతున్నప్పటి వాసన లీలగా మొదలవుతుంది. రంగు మారకూడదు.

3. పాలు మొదట చిన్న గ్లాసుడు, అంటే 100 మిల్లీలీటర్లు మాత్రమే పోయండి. వెంటనే చపాతీ పిండి ముద్దలా బిగుసుకుంటుంది. కంగారు పడకండి, అలాగే కావాలి. విస్క్‌తో గట్టిగా కలిపి ముద్ద నునుపయ్యాక ఇంకో 100 పోయండి. మళ్లీ నునుపయ్యాక మిగతా పాలు సన్నటి ధారగా పోస్తూ కలపండి. పాలన్నీ ఒకేసారి కుమ్మరిస్తే ఉండలు కడుతుంది.

4. సెగ కాస్త పెంచి, గిన్నె అడుగు, అంచుల మూలలు చెక్క గరిటెతో గీరుతూ కలపండి. మధ్యలో నుంచి బుడగలు రావాలి. మైదాలోని పిండి పదార్థం మరిగే వేడి దగ్గరికి వస్తేనే పూర్తిగా చిక్కబడుతుంది. తర్వాత వేసే చీజ్ గడ్డకట్టకుండా కాపాడేది కూడా ఈ ఉడికిన పిండే. బుడగలు మొదలయ్యాక సన్నటి సెగ మీద ఇంకో నాలుగు నిమిషాలు ఉంచండి.

5. గరిటె వెనక వైపు పట్టిన సాస్ మీద వేలితో గీత గీయండి. గీత అలాగే నిలిస్తే, నాలుక మీద పిండి రుచి తగలకపోతే అయిపోయినట్టే. పొయ్యి ఆపి, గిన్నెను పక్కకు దించండి. బర్నర్ మీదే వదిలేయొద్దు, ఆ వేడికి ఉడుకుతూనే ఉంటుంది.

6. ఆవపిండి, మిరియాల పొడి, జాజికాయ ఇప్పుడు కలపండి. ఉప్పు ఇంకా వద్దు.

## 5. మాకరోనీ ఉడికించడం

సాస్ దించాక మాకరోనీ మరిగే నీళ్లలో వేయండి. ఈ వరస కావాలని పెట్టిందే. మాకరోనీ ఉడికే అయిదారు నిమిషాల్లో సాస్ వేడి చీజ్‌కి తగ్గట్టుగా దిగుతుంది. మధ్యమధ్య సాస్‌ను ఒకసారి కలపండి, లేకపోతే పైన తొరక కడుతుంది.

ప్యాకెట్ మీద చెప్పిన సమయానికి రెండు మూడు నిమిషాలు ముందే తీసేయాలి. ఒక గొట్టాన్ని కొరికి చూడండి. మధ్యలో సన్నగా తెల్లటి గీత కనిపించాలి, పంటికి కాస్త గట్టిగా తగలాలి. మిగతా ఉడుకు ఓవెన్‌లో జరుగుతుంది. ఇప్పుడే మెత్తగా అయితే చివరికి ముద్దే మిగులుతుంది.

కొనేటప్పుడు ప్యాకెట్ మీద డ్యూరం గోధుమ అని ఉందా చూడండి. మామూలు రవ్వతో చేసిన చవక మాకరోనీ ఓవెన్‌లో నిలబడదు.

నీళ్లు వంపేశాక చన్నీళ్లతో కడగొద్దు. సాస్ పట్టుకోవడానికి ఆ పైపిండి కావాలి.

## 6. చీజ్ కలపడం

నేను మొదటిసారి థ్యాంక్స్‌గివింగ్ పండక్కి పాట్‌లక్‌కి (తలా ఒక వంటకం తెచ్చుకునే విందుకి) చేసినప్పుడు దెబ్బతిన్నది ఇక్కడే. టైమ్ లేదన్న టెన్షన్‌లో కుతకుతా ఉడుకుతున్న సాస్‌లోనే చీజ్ అంతా ఒకేసారి వేసి, కరగడం లేదని సెగ పెంచాను. రెండు నిమిషాల్లో అడుగున పన్నీరు పలుకుల్లాంటి గడ్డలు, పైన పసుప్పచ్చటి నూనె. మా పక్కింటి పెద్దావిడ, అమెరికాలోని జార్జియా రాష్ట్రం ఆవిడ, గిన్నెలోకి చూసి "పొయ్యి మీంచి దించాక వేయమ్మా" అన్నారు. ఆ తర్వాత నా సాస్ విరగలేదు.

జరిగేది ఇది. చీజ్‌లో ప్రోటీన్ వలలా ఉండి కొవ్వును పట్టుకుని ఉంటుంది. వేడి ఎక్కువైతే ఆ వల బిగుసుకుని కొవ్వును బయటికి పిండేస్తుంది. బిగిసిన ప్రోటీన్ రవ్వ అవుతుంది, బయటికొచ్చిన కొవ్వు నూనెలా తేలుతుంది. అందుకే:

1. సాస్ తాగబోయే కాఫీ కంటే కాస్త ఎక్కువ వేడిగా ఉండాలి, అంతే. థర్మామీటర్ ఉంటే 65 నుంచి 70 డిగ్రీల సెల్సియస్.
2. ముందు ప్రాసెస్డ్ చీజ్ వేసి కరగనివ్వండి.
3. మిగతా చీజ్ మూడు విడతలుగా. ఒక విడత పూర్తిగా కరిగాకే రెండోది. విస్క్‌తో బాదొద్దు, చెక్క గరిటెతో నిదానంగా తిప్పండి.
4. చివరి విడత కరగకుండా మొండికేస్తే గిన్నెను అతి సన్నటి సెగ మీద అరనిమిషం పెట్టి దించేయండి. బుడగ కనిపించకూడదు.
5. ఇప్పుడు రుచి చూసి ఉప్పు వేయండి. మాకరోనీ చప్పదనం కలుస్తుంది కాబట్టి సాస్ విడిగా తింటే ఒక పిసరు ఎక్కువ ఉప్పగా ఉండాలి.

సాస్ దోసె పిండి కంటే పల్చగా జారాలి.

## 7. కలపడం, ట్రేలో నింపడం

మాకరోనీని సాస్‌లో వేసి కలపండి. చూడగానే "ఇంత పల్చగా ఉందేంటి" అనిపించాలి. గిన్నెను ఒక పక్కకు వంచితే అంచు దగ్గర సాస్ విడిగా పారాలి. ఓవెన్‌లో మాకరోనీ పీల్చుకోబోయే తడి అదే. ఇక్కడే చిక్కగా ముద్దగా కనిపిస్తే బయటికొచ్చేసరికి ఎండిపోతుంది. అలా ఉంటే వేడి పాలు 50 నుంచి 100 మిల్లీలీటర్లు ఇప్పుడే కలిపేయండి.

ట్రేలో పోసి, గరిటెతో పైపైన సర్దండి. నొక్కొద్దు.

పైపొరకి 20 గ్రాముల వెన్న కరిగించి బ్రెడ్ తురుము, పాప్రికా కలపండి. రెండు రోజుల నాటి బ్రెడ్ మిక్సీలో ఒక్కసారి తిప్పితే వచ్చే పలుకు పలుకు తురుము మేలు. మెత్తటి పొడి అయితే పైన అట్టలా పరుచుకుంటుంది. అమెరికాలో చాలా ఇళ్లలో క్రాకర్లు అనే ఉప్పు బిస్కెట్లు నలిపి చల్లుతారు, అదీ బాగుంటుంది.

## 8. ఓవెన్‌లో

180 డిగ్రీల దగ్గర, మధ్య అరలో, మూత లేకుండా 20 నుంచి 25 నిమిషాలు. అంచుల వెంట బుడగలు వస్తూ, పైన తురుము బంగారు రంగుకి తిరిగితే అయిపోయినట్టు. సాస్ అప్పటికే తయారైంది, ఓవెన్ పని పైపొరను కాల్చడం, సాస్, మాకరోనీ కలిసేలా చేయడం మాత్రమే. ఇంకో పదినిమిషాలు ఉంచితే బాగా ఉడుకుతుందిలే అనుకుంటే కొవ్వు విడిపోతుంది.

ఓటీజీ (బల్ల మీద పెట్టుకునే చిన్న కరెంట్ ఓవెన్) అయితే రెండు కడ్డీలు ఆన్ చేసి 15 నిమిషాలు ముందే వేడి చేయండి. చివరి మూడు నిమిషాలు పై కడ్డీ ఒక్కటే ఉంచితే రంగు వస్తుంది.

అమెరికాలో బ్రాయిలర్ (ఓవెన్‌లో పైనుంచి తీవ్రమైన వేడి ఇచ్చే అమరిక) పెట్టాలనుకుంటే ఒకటి రెండు నిమిషాలు చాలు, తలుపు దగ్గరే నిలబడండి. గాజు ట్రేను బ్రాయిలర్ కింద పెట్టకండి, ఆ వేడికి పగిలిపోవచ్చు.

తీసిన వెంటనే వడ్డించొద్దు. పదినిమిషాలు ఆగితే సాస్ మాకరోనీని పట్టుకుంటుంది.

## 9. ఓవెన్ లేకపోతే

పొయ్యి మీదే చేయవచ్చు. పాలు 500 మిల్లీలీటర్లకు తగ్గించండి. మాకరోనీని ప్యాకెట్ మీద చెప్పినంతసేపూ ఉడికించండి. సాస్‌లో కలిపి వెంటనే వడ్డించండి. బ్రెడ్ తురుమును పెనం మీద వెన్నలో కరకరలాడేలా వేయించి, తినేముందు పైన చల్లుకోండి. పిల్లలు చాలామంది ఈ రకమే ఇష్టపడతారు.

## 10. తేడా వస్తే

సాస్‌లో మైదా ఉండలు కట్టాయి. చీజ్ వేయకముందైతే జల్లెడలో వడకట్టేయండి. రెండు నిమిషాల పని.

రవ్వరవ్వగా అయింది. వెంటనే దించి, రెండు టేబుల్‌స్పూన్ల చల్లటి పాలు, ఒక ప్రాసెస్డ్ చీజ్ స్లైస్ వేసి జోరుగా విస్క్ చేయండి. తగ్గకపోతే హ్యాండ్ బ్లెండర్ తిప్పండి. వేడి సాస్‌ను మూత బిగించిన మిక్సీ జార్‌లో తిప్పొద్దు, ఆవిరికి మూత ఎగిరి చేతులు కాలతాయి.

నూనె తేలింది. పైన చేసినట్టే చేయండి. ఓవెన్‌లోంచి తీశాక తేలితే టిష్యూతో పైపైన అద్ది తీయండి. ఈసారికి ఇంకేమీ చేయలేం, వచ్చేసారి అయిదు నిమిషాలు ముందే తీయండి.

చప్పగా ఉంది. ఉప్పు కంటే ముందు మిరియాల పొడి, రెండు చుక్కల నిమ్మరసం ట్రేలో పోయకముందు వేసి చూడండి. చుక్కలు రెండే, ఎక్కువైతే పాలు విరుగుతాయి.

తియ్యగా అయింది. దాదాపు ఎప్పుడూ కారణం ఒకటే. అమెరికన్ రెసిపీల్లో ఇవాపరేటెడ్ మిల్క్ అని ఉంటే దానికి బదులు స్వీట్లకి వాడే కండెన్స్‌డ్ మిల్క్ పోసేస్తారు. రెండూ వేరు. మొదటిదానిలో పంచదార ఉండదు.

పచ్చిమిర్చి, గరం మసాలా, తాలింపు వేయవచ్చా అని అడుగుతారు. మొదటి రెండుసార్లు వద్దనే నా మాట. చీజ్ రుచి, పాల మెత్తదనం ఎలా ఉండాలో నాలుకకి తెలిశాక మీ ఇష్టం. పక్కన ఆవకాయ వేసుకుని తినే ఇళ్లు నాకు తెలుసు, మాదీ అలాంటి ఇల్లే. అది కంచంలో సంగతి, ట్రేలోకి మాత్రం రానివ్వను. బరువైన వంటకం కాబట్టి పక్కన పులుపున్నది ఏదైనా ఉంటే మంచిది: టమాటా సూప్, వెనిగర్ చల్లిన సలాడ్, లేదా దక్షిణ రాష్ట్రాల పద్ధతిలో వెనిగర్ వేసి ఉడికించిన కొలార్డ్ ఆకుకూర.

## 11. పాట్‌లక్‌కి ముందురోజే చేయాలంటే

- కొలతలన్నీ రెట్టింపు చేసి, 9 బై 13 అంగుళాల ట్రే తీసుకోండి.
- రాత్రంతా మాకరోనీ సాస్ పీలుస్తూనే ఉంటుంది కాబట్టి పాలు 150 మిల్లీలీటర్లు అదనంగా పోయండి.
- ట్రేలో నింపి, చల్లారాక మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. బ్రెడ్ తురుము విడిగా డబ్బాలో పెట్టండి, ముందే చల్లితే మెత్తబడుతుంది.
- మర్నాడు ఓవెన్‌లో పెట్టడానికి ముప్పావుగంట ముందు బయట పెట్టండి.
- ఫాయిల్ కప్పి 30 నిమిషాలు, ఫాయిల్ తీసి తురుము చల్లి ఇంకో 20 నిమిషాలు. మధ్యలో చెంచా గుచ్చి తీసి చూడండి, చెంచా వేడిగా ఉండాలి.

మిగిలితే రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేయండి. మూడు నాలుగు రోజులు ఉంటుంది. వేడి చేసేటప్పుడు కంచానికి ఒక టేబుల్‌స్పూను పాలు చల్లి, మూతపెట్టి, మైక్రోవేవ్ సగం పవర్‌లో ఒక్కో నిమిషం చొప్పున, మధ్యలో కలుపుతూ వేడి చేయండి. ఫుల్ పవర్ పెడితే చీజ్ మళ్లీ నూనె వదులుతుంది.